అడ్రినల్ గ్రంథిలో ఒక వెంట్రుక

ఆ ఏడు వైద్య కళాశాలలో నలభై ముగ్గురు విద్యార్థులు ఒకే మైక్రోస్కోపులో అడ్రినల్ గ్రంథిని చూసి, బొమ్మలో ఒక నల్లని వంపు గీత గీసి, పక్కన శ్రద్ధగా 'నరం' అని రాశారు. అది ల్యాబు టెక్నీషియన్ మీసం వెంట్రుక. మైనంలో బిగించిన గ్రంథిని ఉల్లిపొర కంటే పల్చగా కోయడం ఆయన పని. కోస్తూ కోతలు కోయడం అలవాటు. అందుకే అందరికీ కోతల బాబాయి. స్లైడును వెలుతురుకెత్తి, ఎడమకన్ను మూసి, మీసం దువ్వుకుంటూ పాఠం చెప్పేవాడు: "పైన కణాల గుత్తులు, కింద బారులు, ఆ కింద వల. నట్టనడుమ భయం! పరీక్షంటే మీ గుండె దడదడలాడేది ఈ నడిమి కణాల చలవేరా నాయనా!" దువ్విన చేత్తోనే స్లైడు మీద గాజుమూత పెట్టేవాడు, వెంట్రుక అలాగే చేరింది.

ముప్పై ఏళ్లు గడిచాయి. అప్పుడు 'నరం' అని రాసినవాళ్లలో ఒకావిడ ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. బాబాయి ఉద్యోగ విరమణకు వారముంది. పనికిరాని స్లైడులు ఏరి పారేస్తున్న ఆమె చేతికి అదే స్లైడు తగిలింది. ఆ చెయ్యి చెత్తబుట్ట మీదికి వెళ్లేసరికి, పక్కనే ఉన్న బాబాయి ఇన్నేళ్లూ పిల్లలకు వర్ణించిన దడ ఆయన గుండెలోనే మొదలైంది.

"ఏంటి బాబాయ్, దీన్ని నమ్మి మా బ్యాచంతా తప్పు రాశాం. ఇంకా ఎందుకు దాచారు?"

ఆయన తెల్లటి మీసం తడుముకున్నాడు.

"నా మీసంలో నల్లగా మిగిలింది అదొక్కటేనమ్మా."