కంచె అవతలి ఈల

కాపెల్‌లో మా ఇంటి నుంచి ఉత్తరంగా గంటసేపు డ్రైవ్ చేస్తే ఒక ముసలి రైతు పొలం వస్తుంది. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడకు ఆయన పెదనాన్న. ఆవిడ మాట మీద, చలికాలం శనివారాల్లో నేను అక్కడ కుందేళ్ళు కొట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు మా నాన్న నర్సాపురం వైపు చేలల్లో పిట్టల వేటకు వెళుతూ నన్ను వెంట తిప్పుకునేవాడు. ఆ సరదా ఈ దేశం వచ్చాక కూడా నన్ను వదల్లేదు. మా తెలుగు చర్చిలో ఆడవాళ్ళు, "అక్కా, నువ్వు నిజంగానే షూట్ చేస్తావా?" అని బుగ్గలు నొక్కుకుంటారు. మిరియాలు దట్టించి వండుకెళ్తే మాత్రం గిన్నె ఖాళీ చేసి పంపిస్తారు.

ఆ శనివారం నేను బయలుదేరుతుంటే మా ఆయన దుప్పట్లోంచే, "ఫాగ్ బాగా ఉందంట, హైవే మీద స్లోగా వెళ్ళు. రీచ్ అవగానే టెక్స్ట్ చెయ్," అన్నాడు.

పొలం గేటు దగ్గర కారు ఆపేసరికి తెల్లవారింది కానీ వెలుగు మాత్రం రాలేదు. పొగమంచు నేలను అంటిపెట్టుకుని ఉంది. రైతు ఇల్లు కనబడలేదు. కోత అయిపోయిన జొన్నచేను నాలుగు సాళ్ళ దాకా కనిపించి, ఆ తర్వాత తెల్లగా ఆగిపోయింది. వేటలో ఎవరూ పొరబడి కాల్చకుండా వేసుకునే నారింజ రంగు చొక్కా తొడుక్కుని, తుపాకీలో తూటాలు పెట్టుకుని, కంచె వారనే వాగు వైపు నడిచాను. వాగు ఒడ్డున కొట్టేసిన కంప కుప్పలు ఉంటాయి. కుందేళ్ళు వాటి కిందే పడుకుంటాయి.

కొంచెం దూరం పోయాక ఈల వినిపించింది. రెండు స్వరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. కుక్కను పిలిచినట్టు. కంచె అవతల నుంచో, వాగు నుంచో తెలియలేదు. రైతు లేచి తిరుగుతున్నాడేమో అనుకుని ఆయన్ని పిలిచాను. కాసేపు ఆగినా ఈల మళ్ళీ వినబడలేదు. ఏదో పిట్ట అయివుంటుందని సర్దిచెప్పుకుని కదిలాను.

అప్పుడు వెనక అడుగులు మొదలయ్యాయి.

ఎండిన జొన్న మోళ్ళ మీద నడిస్తే ఒక చప్పుడు వస్తుంది, అప్పడం విరిచినట్టు. నా అడుగుల చప్పుడు నాకు తెలుసు. వెనక వస్తున్నది ఇంకొకటి. నేను ఆగితే అది ఒక అడుగు ఎక్కువ వేసి ఆగింది. మళ్ళీ నడిస్తే మళ్ళీ నడిచింది. వెనక్కి తిరిగి, "ఎవరది?" అని తెలుగులోనే అరిచాను. మరుక్షణం ఇంగ్లీషులో అడిగాను. మంచు తప్ప ఏమీ లేదు. లేడి అయివుంటుంది, ఈ పొలంలో లేళ్ళు చాలా ఉన్నాయి. అయినా నడక వేగం పెంచాను. వాగు దగ్గర ఒడ్డు మెరకై మంచు కాస్త పలచగా ఉంటుంది, అక్కడికి చేరితే చాలనుకున్నాను.

కంప కుప్ప కనబడింది. దాని మొదట్లో గడ్డి కదిలింది. బూడిద రంగుది ఏదో, పిడికిలంత, గడ్డిలోంచి పైకి లేచి ఆగింది. చెవులపిల్లి తల! భయమంతా ఒక్కసారిగా అటు మళ్ళింది. తుపాకీ దానంతటదే భుజానికి వచ్చింది. బొటనవేలు సేఫ్టీ మీట మీద ఆనింది.

సరిగ్గా అక్కడి నుంచే ఈల వినిపించింది. రెండు స్వరాలు.

తుపాకీ దించేశాను. గొట్టాన్ని కిందికి మడిచి, తూటాలు తీసి జేబులో వేసుకున్నాను. గడ్డిలోంచి ఒక ముసలావిడ మెల్లగా లేచింది. నైట్ గౌను మీద మగవాళ్ళ కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఒక్క చేతికే ఉన్ని గ్లవ్, బూడిద రంగుది. నేను గురి పెట్టింది ఆ చేతికి.

"ఆగమని ఈల వేశాను, వినిపించుకోలేదే హనీ," అంది, పొరుగింటావిడ పలకరించినంత మామూలుగా.

"ఎందుకు ఆగమన్నారు, మ్యామ్?"

"గేటు దగ్గర్నుంచీ నీ వెనకాలే వస్తున్నాడు కదా. బాగా దగ్గరికి వచ్చేశాడు, అందుకని."

ఆమె నన్ను చూడటంలేదు. నా భుజం మీదుగా, మనిషి ముఖం ఉండేంత ఎత్తున చూస్తోంది. తిరిగి చూశాను. తెల్లటి మంచు, నేను నడిచొచ్చిన సాళ్ళు, అంతే.

"అక్కడ ఎవరూ లేరు," అన్నాను.

"ఇప్పుడు పక్కకు తప్పుకున్నాడులే," అంది.

ఆమె వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. నా జాకెట్ విప్పి కప్పి, చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడిపించాను. చేనుకు అడ్డంగా వెళదామంటే రానంది. "ఆ దారిన వద్దు," అని కంచె వెంటే చుట్టూ తిప్పింది. మధ్యలో రెండుసార్లు నన్ను పక్కకు లాగి, ఎవరికో దారి ఇచ్చినట్టు ఆగింది. వినబడింది మా ఇద్దరి అడుగులే. అలా అని నాకు నేను గట్టిగా చెప్పుకుంటూ నడిచాను.

బెల్ చాలాసేపు కొడితే గానీ రైతు తలుపు తీయలేదు. ఆమెను చూడగానే ముఖం పాలిపోయింది. "మా అక్క. మొన్ననే తీసుకొచ్చాను. మతి నిలకడగా ఉండదు. నీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు. దుప్పట్లు కప్పి, హీటర్ పక్కన కూర్చోబెట్టాక, తుపాకీ ఎత్తిన సంగతి చెప్పాను. ఆయన, "కాల్చలేదు కదమ్మా," అని మాత్రం అన్నాడు.

"పొద్దున మీరేమైనా నా వెనకాల వచ్చారా?"

"లేదు. నువ్వు బెల్ కొట్టేదాకా నిద్రలోనే ఉన్నాను."

ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. ఆమెకు నిద్రపట్టేదాకా పక్కనే కూర్చున్నాను. రీచ్ అయ్యానని టెక్స్ట్ చెయ్యలేదని మా ఆయన ఫోన్ చేశాడు. "ఏమైంది? చెప్పవే!" అని ఆయన కంగారుపడ్డాడు. "ఏం కాలేదు, ఇంటికొస్తున్నా," అన్నాను.

ఎండాకాలం రాకముందే ఆ ముసలావిడ పోయిందని ఆఫీసులో ఆవిడ చెప్పింది. మరుసటి చలికాలం నేను మళ్ళీ ఆ పొలానికి వెళ్ళాను, ఇప్పటికీ వెళుతున్నాను. మంచు ఉన్న రోజున మాత్రం కారులోనే కూర్చుంటాను. పొలం అవతలి కొస కనబడితే గానీ తూటాలు బయటికి తీయను. కారు డోర్లు లాక్ చేసుకునే ఉంటాను.