కార్లు రాని కంకర దారి

గాదోర్ మొదటిసారి సైకిలెక్కేనాటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పటికి కుడివైపు పక్కటెముకలు రెండు చిట్లి ఉన్నాయి. తన్నింది మొగుడు హినెస్. ఎందుకు తన్నాడంటే ఆమెకే సరిగ్గా గుర్తులేదు. పులుసు చల్లారిందనో, తలుపు తీయడం ఆలస్యమైందనో.

హినెస్ ప్లాస్టిక్ పందిళ్ళ కింద పండే టమాటాలను ఊళ్ళకు తోలేవాడు. నలుగురిలో నవ్వుతూ ఉండేవాడు. పండగొస్తే బారులో అందరికీ తనే పోయించేవాడు. సముద్రపొడ్డున ఉన్న మా సాన్ హొసే ఊళ్ళో ఇళ్ళ గోడలు పలచన, ఏ ఇంట్లో ఏం పగిలినా పక్కింటికి వినిపిస్తుంది. అయినా ఎవరమూ నోరు మెదపలేదు. గాదోర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రొట్టెల కొట్టుకొస్తే, "ఎండ మండిపోతోంది కదూ" అని పక్కకు తప్పుకునేవాళ్ళం.

ఊళ్ళో ఎన్కర్నా అనే ఆవిడ నడిపే యాత్రికుల బసలో గాదోర్ గదులు ఊడ్చేది. పని అయిపోయి ఇంటికి నడుస్తుంటే హినెస్ కారు పక్కనే మెల్లగా వచ్చేది.

"ఎక్కవే."

"నడుస్తాలే."

"ఎవడికోసం నడుస్తున్నావ్? ఎక్కమన్నానా!"

ఎక్కితే కార్లోనే మోచేతి పోటు. ఎక్కకపోతే ఇంటికెళ్ళాక బెల్టు. చక్రాల కింద కంకర నలిగే చప్పుడు వినబడితే చాలు, ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకునేవి.

ముందుచక్రం వంకర పోయిందని జర్మన్ అతిథి ఒకడు బసలో సైకిలు వదిలేసి పోయాడు. "చక్రం సరిచేయిస్తా, తీసుకుపో, ఇక్కడుంటే తుప్పు పడుతుంది" అంది ఎన్కర్నా.

"నాకు తొక్కడం రాదక్కా."

"పడితే అదే వస్తుంది. పడ్డం నీకేమైనా కొత్తా?"

అనేసి ఎన్కర్నా నాలుక కరుచుకుంది. గాదోర్ మాత్రం పక్కటెముకలు అదిమిపట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఊరు దాటి పడమటికి పోతే, సముద్రం వెంబడి నల్లకొండల మీదుగా లైట్‌హౌసు వైపు ఒక కంకర దారి ఉంది. సగం దాకా కార్లు పోతాయి. తరువాత ఇనప గేటు అడ్డం. మనుషులూ సైకిళ్ళూ మాత్రం పక్కసందులోంచి దూరి పోవచ్చు. హినెస్ సరుకుతో దూరమెళ్ళిన రోజుల్లో గాదోర్ ఆ దారిలో తొక్కడం నేర్చుకుంది. ఈత పొదల్లో పడింది, కిత్తనార ముళ్ళ మీద పడింది. ఆ గాయాలు కడుక్కునేటప్పుడు ఆమెకు సిగ్గేసేది కాదట. ఇవి నేను తెచ్చుకున్నవి అనుకునేదట.

ఒకరోజు హినెస్ అనుకోకుండా తొందరగా తిరిగొచ్చి, ఆమెను చూసి వెంటపడ్డాడు. గాదోర్ ఊపిరి బిగబట్టి తొక్కి గేటు సందులోంచి దూరిపోయింది. కారు ఆగిపోయింది. అతను దిగి, చేతికందిన రాయల్లా విసిరాడు. ఒకటి వచ్చి ఆమె వీపున తగిలింది.

"వెనక్కి రావాల్సిందేగా! ఇంటికి రాక ఎక్కడికి పోతావే!"

ఆమె ఎత్తెక్కి, మలుపు తిరిగింది. అక్కడ గాలి హోరు తప్ప ఏ చప్పుడూ లేదు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. తరువాత ఇంటికే వెళ్ళింది. ఎందుకెళ్ళావని తరువాత పోలీసులూ అడిగారు, జడ్జీ అడిగాడు. వేరే ఇల్లు లేదని చెప్పింది.

హినెస్ సమ్మెటతో సైకిలును పొడిపొడి చేశాడు. ఆ సమ్మెట కర్రతోనే ఆమె దవడ విరగ్గొట్టాడు.

ఆస్పత్రి నుంచి గాదోర్ సరాసరి ఎన్కర్నా బసకు వచ్చింది. కేసు పెట్టింది. ఆమె దరిదాపులకు రాకూడదని కోర్టు హినెస్‌ను కట్టడి చేసింది. గాదోర్ దవడ కట్టు విప్పగానే ఎన్కర్నా బసలో అద్దె సైకిళ్ళు పెట్టింది. అతిథులను కొండదారిన తీసుకుపోవడం గాదోర్ పని. మా ఊరివాళ్ళం అప్పుడు మాత్రం పొగడ్డానికి ముందుకొచ్చాం.

మార్చిలో పెద్ద గాలివాన వచ్చింది. మాకు వాన పడడమే అరుదు. పడిందంటే ఊరంతా పొయ్యిల మీద రవ్వ వేయించుకుని చేపలతో తింటాం. మరునాడు పొద్దున్నే, దారి ఎక్కడ కోసుకుపోయిందో చూసొద్దామని గాదోర్ ఒంటరిగా బయల్దేరింది. గేటు దాటింది. సగం ఎత్తెక్కేసరికి వెనక కంకర నలిగిన చప్పుడు.

ఇక్కడికి కారెలా వస్తుందని ఆమె వెనక్కి తిరిగి చూసింది. హినెస్ గేటు తాళం తెగ్గొట్టి వచ్చాడు.

ఎడమవైపు సముద్రంలోకి దిగే కొండచరియ, కుడివైపు రాతిగోడలా కొండ. ఆమె పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కింది. కారు ముందుభాగం వెనకచక్రాన్ని ఒకసారి తాకింది. రెండోసారి గుద్దింది. గాదోర్ కొండవైపు ఎగిరి కిత్తనార పొదలో పడింది. ముల్లొకటి చెంపలోకి దిగి నోట్లోకి వచ్చింది. సైకిలు కారు కింద నలిగిపోయింది.

హినెస్ దిగాడు. చేతిలో చక్రాలు విప్పే ఇనప కడ్డీ ఉంది.

"కార్లు రావనుకున్నావ్ కదే? వచ్చాను చూడు."

మొదటి దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది. రెండోది భుజం మీద పడింది. మూడో దెబ్బకు అతను కడ్డీ ఎత్తినప్పుడు ఆమె పడున్నచోటి నుంచే రెండు కాళ్ళతో మోకాలి మీద తన్నింది. వాన తడికి కంకర జారుడుగా ఉంది, హినెస్ పక్కకు ఒరిగి పడ్డాడు. కడ్డీ చెయ్యి జారింది. అతను దాన్ని వెతుక్కుంటూ పాకుతుంటే, గాదోర్ బాగున్న చేత్తో ఒక నల్లరాయి అందుకుంది. కాలిన ఇటుకలా చిల్లులు పడి, అంచులు కరుకుగా ఉండే మా కొండరాయి. ముఖం మీద కొట్టింది. అతను పడిపోయాడు.

ఇంకా కొట్టింది. అతను చేతులడ్డం పెడితే చేతుల మీద కొట్టింది. చేతులు దించాక కూడా కొట్టింది. ఆమె నోట్లోంచి వస్తున్న అరుపు తనదేనని ఆమెకు తెలియలేదట. చివరికి చెయ్యి పైకి లేవక ఆగింది.

"నీళ్ళు..." అన్నాడు హినెస్.

ఆమె లేచి కారు దగ్గరికి వెళ్ళింది. నలిగిన సైకిలు నుంచి నీళ్ళ సీసా ఊడలాగి, అతని చేతికందేలా పడేసింది. తాగించలేదు. కడ్డీని చరియలోకి విసిరేసి, విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, ఫోను పలికే చోటుదాకా నడిచి పోలీసులకు ఫోను చేసింది.

"నా మొగుడు నన్ను చంపబోయాడు. వాడింకా బతికే ఉన్నాడు. త్వరగా రండి."

హినెస్‌కు ఒక కన్ను పోయింది. జైలు పడింది. కోర్టులో అతని వకీలు గాదోర్‌ను నిలదీశాడు. "అతను పడిపోయాక ఎన్నిసార్లు కొట్టారమ్మా?"

"లెక్కపెట్టలేదు" అంది గాదోర్. "ఆయన కొట్టినవీ లెక్కపెట్టలేదు."

ప్రాణం కాపాడుకోవడానికే కొట్టిందని కోర్టు ఆమెను వదిలేసింది. ఆమె మాత్రం తనను తాను అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. మొదటి దెబ్బలు భయంతో కొట్టానక్కా, మిగతావి కాదు, అని ఎన్కర్నాతో ఒకసారి అంది. ఎన్కర్నా ఆమె జుట్టు దువ్వుతూ కూర్చుంది.

ఆ ఏడు చివర్లో రొట్టెల కొట్లో అత్త రొసారియో ఎదురుపడింది. కొట్టు నిండా జనం. ముసలామె దగ్గరకొచ్చి, "ఒంటికన్నుతో నా బిడ్డ ఎలా బతుకుతాడే?" అంది.

"బతుకుతాడు అత్తా."

రొసారియో లాగి చెంప మీద కొట్టింది. ముల్లు దిగిన చెంప.

గాదోర్ చెయ్యెత్తలేదు. "నువ్వు వాడి తల్లివి, అందుకని ఈ ఒక్కటీ పడతాను" అంది మెల్లగా. "ఇంకోసారి చెయ్యి లేస్తే విరుస్తా."

ముసలామె చేతిలోంచి సంచీ జారింది. గాదోర్ దాన్ని తీసి, బల్ల మీద పెట్టి, తన రొట్టె పట్టుకుని బయటికొచ్చింది. మరునాడు ఆరుగురు అతిథులను వెంటబెట్టుకుని లైట్‌హౌసు దాకా తొక్కింది. ఎదురుగాలికి వాళ్ళు వెనకబడితే, "తొక్కండర్రా, మీ వెనక ఎవరూ తరుముకు రావట్లేదని తీరిగ్గా వస్తున్నారా?" అని కేకలేసిందట.