కరుణమ్మ గారు ఎడమపక్కనే ఉన్నారు

గత ఆదివారం ఉదయం ఆరాధనకు బయలుదేరిన కరుణమ్మ గారు సాయంత్రానికి ఆసుపత్రిలో కన్నుమూశారు. ఉప్పల్ నుంచి సైకిల్ మీద నాచారంలోని మన మందిరానికి వచ్చి, ఎడమచెయ్యి చాపి గేటులోకి తిరుగుతుండగా, రాంగ్ రూట్‌లో దూసుకొచ్చిన మోటార్‌సైకిల్ ఆమెను గుద్దింది. నడిపినవాడు మన సంఘ యువకుడే. ఆరాధనకు ఆలస్యమవుతోందని తొందరపడ్డాడు. ఆదివారపు పిల్లల బడిలో ఆమెతో పాటు వాక్యం చెప్పే నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. కళ్లారా చూశాను. నాకు దుఃఖం కంటే ముందు అసహ్యం కలిగింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే ముందుకొస్తోంది.

ఎరగనివారి కోసం నాలుగు మాటలు. కరుణమ్మ గారు జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి, విశ్రాంతి వయసులో ఉప్పల్ చేరారు. అక్కడ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్లేవారు. ఇక్కడా మానలేదు. చీర కుచ్చిళ్లకు బట్టల క్లిప్పు పెట్టుకుని నిటారుగా కూర్చుని తొక్కేవారు. మన ఆడపిల్లలు నర్సు ఉద్యోగాలకు ఆ దేశం వెళ్లడం మొదలయ్యాక, శనివారం సాయంత్రాలు మందిరం ఆవరణలో వాళ్లకు సైకిల్ నేర్పడాన్నే తన పరిచర్యగా చేసుకున్నారు. “బాస రాకపోతే నవ్వుతరు. రోడ్డు రాకపోతే మోసుకపోతరు” అనేవారు.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. ఎడమకు అలవాటుపడిన మన పిల్లలు మలుపు తిరగగానే ఆ సంగతి మరిచిపోతారు. దానికి ఆమె కనిపెట్టిన గుర్తు మన సంఘంలో తప్ప మరెక్కడా పుట్టదు. సువార్తలో నీతిమంతులు గొర్రెలు, శపితులు మేకలు కదా.

“తీర్పు నాడు గొర్రెలు ఏ పక్క నిలబడ్తయే?” అని అడిగేవారు.

“కుడిపక్క, ఆంటీ.”

“మేకలు?”

“ఎడమపక్క.”

“ఆడికి పొయ్యినంక గొర్రెలెక్క పో. మలుపు మలుపుకు గొర్రె, గొర్రె అనుకో. మేకవైతివా, లారీ కింద తేల్తవ్.”

ఒక పిల్ల నవ్వుతూ అడిగింది: “మరి ఈడ మనం ఎడమపక్కనే పోతం గదా ఆంటీ. అందరం మేకలమేనా?”

“ఈడ రాంగ్ రూట్ల వచ్చేటోడు మేక. ఆదివారం పొద్దుగాల గేటు కాడ నిలబడి సూడు, మస్తు మంద కనవడ్తది.”

అంత్యతీర్పును రోడ్డు మీదికి లాగుతున్నారని సంఘపెద్ద దానయ్య గారు ఆక్షేపించారు. “అన్నా, లారీ ముంగట రోజూ తీర్పే” అన్నారామె.

కొత్త ఊరిలో సైకిల్ ఎక్కేముందు ఆ దారిని ఒకసారి నడిచి చూసుకోమనేవారు. ట్రామ్ పట్టాల వెంట పోవద్దు, చక్రం అందులో ఇరుక్కుంటుంది, అడ్డంగా దాటమనేవారు. తిరిగేముందు వెనక్కి చూసి చెయ్యి చాపమనేవారు. “తెలవకపోతే దిగు. దిగి నడిస్తే ఇజ్జత్ పోదు” అన్నది ఆమె నోట నేను ఎక్కువగా విన్న మాట.

ఆమె దగ్గర నేర్చుకున్న ప్రసన్న బ్రెమెన్ చేరిన కొత్తలో సిగ్నల్ దగ్గర ఒక లారీ ఆగి ఉంది. దాని కుడిపక్క సైకిల్ పట్టేంత సందు ఉంది. ప్రసన్న ముందుకు పోదామనుకుని, “అద్దంల డ్రైవర్ మొకం నీకు కనవడకపోతే, నువ్వు వానికి లేనట్టే” అని ఆంటీ చెప్పిన మాట గుర్తొచ్చి వెనకే ఆగిపోయింది. లారీ కుడికి తిరిగింది. ఆ సందు లేకుండా పోయింది. ఫోన్‌లో ప్రసన్న ఏడ్చింది. కరుణమ్మ గారు ఏడవలేదు. “లైటు ఏసుకున్నవా?” అని అడిగారు.

ఇక మన గేటు సంగతి. ఉప్పల్ నుంచి వచ్చేవారు రోడ్డుకు అవతలి పక్కనున్న మందిరాన్ని దాటి, దూరాన ఉన్న యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆమె ప్రతి ఆదివారం అలాగే వచ్చేవారు. తెల్లబట్టలు కట్టుకుని, నోటితో స్తుతిపాటలు పాడుకుంటూ, మన వాళ్లలో ఎందరో డివైడర్ సందులోంచి దూరి కుడిపక్కనే ఎదురొస్తారు. లోపలికి వచ్చి, ప్రయాణంలో కాపాడినందుకు దేవునికి సాక్ష్యం కూడా చెబుతారు. ఆ సాక్ష్యాలు వినాలంటే నాకు రోత.

మొన్నటి జ్ఞాపకార్థ కూటంలో ఆ రోత ఇంకా పెరిగింది. టీ తాగుతూ ఎవరో అన్నారు: “ఫారిన్ అలవాటు గదా, కుడిపక్క వచ్చిందంట పాపం.” ఆ “అంట” బెంచీ బెంచీకి పాకింది. రోజూ తాము చేసే తప్పును, ఒక్కనాడూ చేయని మనిషి శవం మీద కప్పారు.

“నేను సూసిన. ఆమె ఎడమపక్కనే ఉన్నది” అన్నాను.

దానయ్య గారు నన్ను పక్కకు పిలిచారు. “సూసినవ్ తమ్మీ, నేను కాదంటలేను. గిప్పుడు ఆ పిలగాని బతుకు ఆగం జేస్తమా? ప్రభువు పిలిచిండు, పోయింది. మన సంఘం మాసపత్రికల గట్లనే రాయి.”

ఆ యువకుడి పేరు నేను రాయడం లేదు. తన తప్పును అతడే ఒప్పుకోవాలి. కానీ ఆమె పేరుకు మట్టి అంటనివ్వను. ప్రభువు ఆమెను చేర్చుకున్నాడని నిండు మనసుతో నమ్ముతున్నాను. పిలిచాడని మాత్రం రాయను. ఆయన ఎవరినైనా పిలవదలిస్తే రాంగ్ రూట్‌లో రాడు. మన తొందరను ఆయన చిత్తమనడం కంటే పెద్ద దూషణ నాకు తెలియదు.

కరుణమ్మ గారికి చేతులు జోడిస్తున్నాను. వచ్చే నెల మన సంఘం నుంచి ఇద్దరు ఆడపిల్లలు జర్మనీ వెళ్తున్నారు. నిన్న శనివారం అలవాటుగా ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. “అన్నా, గిప్పుడు మాకెవరు చెప్తరు?” అన్నది వారిలో ఒకతె. నాకు వాక్యం వచ్చు, సైకిల్ రాదు. సంఘమంతా మోకరించి, వాళ్లను ప్రార్థనతో సాగనంపుతాం. ఆమె అయితే అందరితో పాటు ప్రార్థించి, లేచి, బ్రేకులు చూసేవారు.