పెండ్లయినోళ్లకే పందెం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎమ్మిగనూరు జాతరలో ఎద్దులు బండ లాగే పోటీలకు మా పెదనాయనే పెద్ద. ఏ జత గెలుస్తుందా అని జనం పందేలు కాసేవాళ్లు. కుర్రవాళ్లు చెడిపోతున్నారని ఊళ్లో గొడవ లేస్తే, ఆయన ఒక కట్టుబాటు పెట్టినాడు: పెండ్లయినోళ్లే పందెం కాయాలి. పందెం సొమ్ములో కమిటీ వంతు మాత్రం ఎప్పటిలాగే కమిటీకి, అంటే ఆయనకు.

పందేనికి వచ్చిన ప్రతివాడి భుజం మీద చెయ్యేసి, "పెండ్లయిందా నాయనా?" అని మహా ప్రేమగా అడిగేవాడు. నలభై ఏళ్ల బ్రహ్మచారి, మా బడి అయ్యవారు, సరదాకు కాయబోతే "నువ్వింకా పిల్లోడివి అయ్యవారూ" అని వెనక్కి పంపినాడు. మగ్గం నేసే పద్నాలుగేళ్ల పిల్లవాడొకడు "పోయిన ఎండాకాలమే అయింది" అంటే సంతోషంగా రానిచ్చినాడు. వాడు పెళ్లాం కమ్మలు ఒడ్డి పోగొట్టుకున్నాడు.

కాసేపటికి వాడి తల్లి వచ్చి, ఎద్దులు లాగబోయే బండ మీద కూర్చుంది.

"లెయ్యమ్మా, ఎద్దులు నిలబడినాయి," అన్నాడు పెదనాయన.

"నా కోడలి కమ్మలిస్తే లేస్తా. పసిపిల్లోనితో పందెమేందప్పా?"

"పసిపిల్లోడా? సంసారి గదమ్మా!"

"యా సంసారమప్పా? వాడింకా నా పక్కలోనే పండుకుంటాడు!"

జనం గొల్లుమన్నారు. రైతులు కాడి దించేసినారు. గెలిచినవాని చేత కమ్మలు ఇప్పించి ఆమె చేతిలో పెట్టక తప్పలేదు పెదనాయనకు. ఆ సాయంత్రమంతా ఆయన చాలా ఆలోచించినట్టున్నాడు.

మరుసటి ఏడు జాతరలో ఎద్దులబండి మీదికెక్కి, గొంతు సవరించుకొని ప్రకటించినాడు: "పిల్లోళ్ల బాగు కోరి చెప్తాండా. ఇంకమీదట బిడ్డలున్నోళ్లే పందెం కాయాల."