ముందు పెరుగన్నం

ఎదురు వాటా పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసుకని మధురవాడ వెళ్ళే బస్సులో ఉన్నాను. "అమ్మ ఎల్లిపోనాది. బట్టలారేత్తా కూలబడిపోనాది," అన్నాడు. ఆ వెంటనే, "నీ కుక్క మా గుమ్మం కాడ్నుంచి కదల్డం నేదు. వచ్చెయ్," అన్నాడు. బస్సు దిగి, వెనక్కి మా కూర్మన్నపాలెం బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. వారం కావస్తోంది, ఇప్పటికీ ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. ఇది కూడా లేస్తూ కూర్చుంటూ రాస్తున్నదే.

ఆమె నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు పల్లెటూరి మనిషి, భర్తకు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఇక్కడికొచ్చి స్థిరపడింది. మేము గోదావరి వాళ్ళం. నా మాట వింటే ఆమెకు నవ్వు, ఆమె కూర వాసనకు నాకు ఆకలి. మా ఇద్దరికీ వరస కలిపింది బటాణీ. పిడికెడు కుక్కపిల్ల. పుట్టుకతోనే దాని లివర్‌లో లోపం ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తం లివర్లో శుభ్రపడకుండా, ఉండకూడని ఓ నాళం గుండా తప్పించుకుపోతోందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్‌కి ఇంత చిన్న ఒళ్ళు తట్టుకుంటుందని మాటివ్వలేనంది. మాంసం, చేప ముట్టకూడదు. తియ్యటి మందు ఏ పూటా తప్పకూడదు.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. "అంటే దీని కడుపులోన బైపాసు రోడ్డేసేసినాడన్నమాట దేవుడు. బళ్ళు ఊళ్ళోకి రాకండా ఎల్లిపోతన్నాయి," అంది. ఆ తర్వాత ఎవరడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.

పగలంతా ఆఫీసులో ఉండే నాకు ఆమే దిక్కు. కానీ ఓ చిక్కొచ్చి పడింది. తన కంచంలోంచి మొదటి ముద్ద తీసి కుక్కకు పెట్టందే ఆమె అన్నం తినదు. పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. వేరే గిన్నెలోది పనికిరాదు, తను తినేదే పెట్టాలి. ఓ రోజు ఆ ముద్ద నెత్తళ్ళ చేపల పులుసు ముద్దయింది. నేను వచ్చేసరికి బటాణీ గోడకు తల ఆనించి నిలబడి ఉంది. పిలిస్తే నేనెవరో తెలియనట్టు చూసింది. తర్వాత గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం.

"చెప్పాను కదా పెద్దమ్మా!" అని అరిచాను.

"సెప్పినావు పిల్లా. ఒక్క ముద్దే గదా అనుకున్నాను." దాన్ని చీరచెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

బటాణీ తేరుకుంది. ఇంకెవరికైనా అప్పజెబుదామా అని నేను గింజుకుంటున్నాను. ఆదివారం మధ్యాహ్నం చూస్తే, పెద్దమ్మ తన గుమ్మంలో కూర్చుని కంచంలో పెరుగన్నం కలుపుతోంది. పులుసు గిన్నె మూత ఇంకా తీయలేదు. ఓ చిన్న ముద్ద తీసి, మధ్యలో గుంట చేసి మందు పోసి, బటాణీ ముందు పెట్టింది. మిగతా పెరుగన్నం తను తింది. అప్పుడు చెయ్యి కడుక్కుని పులుసు వడ్డించుకుంది.

"ఏటమ్మా, పెరుగుతోటి మొదలెడతన్నావు? ఎవులైనా సూత్తే నవ్వుతారు," అన్నాడు కొడుకు.

"నవ్వనీ. కడుపులోకెల్లాక ఏది ముందో ఏది ఎనకో ఎవుడు సూడొచ్చినాడు?"

అప్పటి నుంచి ఆమె భోజనం తలకిందులైంది. పెళ్ళి బంతుల్లో కూడా అలవాటుకొద్దీ మొదటే పెరుగు అడిగేసి, వడ్డించేవాళ్ళని తికమక పెట్టేదట. ఆమె పులుసన్నం తింటున్నంతసేపూ బటాణీ ఎదురుగా కూర్చుని ఉండేది. చివర్న రెండు అరచేతులూ చాపి చూపించేది. "ఏటీ నేదు, సూడు. అయిపోనాది. ఎల్లు." అప్పుడుగాని అది లేచేది కాదు.

ఆమె పోయాక బటాణీ నేను గిన్నెలో పెట్టిన మందన్నం ముట్టలేదు. సిరంజితో నోట్లో పోస్తే సగం కక్కేసింది. నిన్న పొద్దున గోడ దగ్గరకు నడిచి తల ఆనించింది. ఆ తర్వాత మా ఇంటికీ వాళ్ళ గుమ్మానికీ మధ్య అది తిరుగుతూనే ఉంది, దాని వెనకే నేనూ. పెద్దమ్మ లేకుండా దీన్ని ఎలా దక్కించుకోను అని భయమేసింది.

మధ్యాహ్నం అన్నం కంచం పట్టుకుని వెళ్ళి ఆమె గుమ్మంలో కూర్చున్నాను. ఆమె కోడలు పెరుగు గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. కలిపాను. ముద్ద తీసి గుంట చేసి మందు పోసి కింద పెట్టాను. బటాణీ నా చెయ్యి చూసింది, తలుపు చూసింది. నేను ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు తింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే కంచం ఖాళీ చేశాను.

చెయ్యి కడుక్కొచ్చి, ఆమెలాగే రెండు అరచేతులూ చాపాను. "ఏటీ నేదు, సూడు. అయిపోనాది," అన్నాను, నాకు పట్టుబడని ఆమె యాసలో. బటాణీ నా చేతులు వాసన చూసింది. లేవలేదు. నన్ను దాటి లోపలి గదికేసి చూస్తూ అక్కడే కూర్చుంది.