ప్రభుత్వ కల్లం మీద మా మిరపకాయలు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. రాష్ట్రాన్ని ఎలా నడపాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు, అడిగేవాళ్లే తగ్గారు.) డిగ్రీ అయ్యాక పర్చూరు దగ్గర మా పొలంలోకి దిగాను గానీ, మనసంతా సర్కారు ఖర్చుల మీదే ఉండేది. ఇల్లు నడిపే మనిషి వచ్చేదెంతో చూసుకుని పోయేదాన్ని పోనిస్తాడు, ప్రభుత్వానికి ఆపాటి బుద్ధి ఎందుకుండదని టీకొట్టు బల్ల మీద కూర్చుని రోజూ అడిగేవాణ్ణి. అందుకే, మా ఊరికి మిరపకాయలు ఆరబోసుకునే సిమెంటు కల్లం మంజూరైందని తెలియగానే మండిపోయాను. తాతలనాటి నుంచీ నేల చదును చేసి, పేడనీళ్లతో అలికి, ఎవరి కల్లం వాళ్లే చేసుకున్నాం కదా! గ్రామసభలో లేచి ఆ మాటే అన్నాను. సర్పంచి మా మేనమామే. "కూర్చోరా అల్లుడూ, పెద్దోళ్లు మాట్లాడుతున్నారు" అన్నాడు, ఊరందరి ముందు. ఆ మాట నాకు తేదీతో సహా గుర్తుంది.

కల్లం తయారైంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని షామియానా, వేదిక, పూలతోరణాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు, అద్దెకు తెచ్చిన నాలుగు రాక్షసి ఫ్యాన్లు! పందిరి ఖర్చు పెళ్లి ఖర్చును మించిపోయింది. అన్నీ అమరాక తేలిందేమిటంటే, కల్లం మీద పోయడానికి మిరపకాయలే లేవు. ఊళ్లోవాళ్లంతా మొదటి కోత కాయల్ని గుంటూరు యార్డుకు తోలేశారు. ధర పెరిగేదాకా కదిలించేది లేదని మొండికేసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాన్న ఆ ఏడే మొదటిసారి పంటను నాకు వదిలాడు. "అమ్మినా నువ్వే, పోగొట్టినా నువ్వే. నన్నడగమాక" అన్నాడు. ఆ ఎర్రటి రాశిని చూసుకుంటే నాకు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

తెల్లారేసరికి మామ మా గుమ్మంలో ఉన్నాడు.

"అల్లుడూ, నీ కాయలు ఒక్క పూట ఇయ్యరా. మంత్రిగారు ఫొటో దిగి పోతారు."

"ఖాళీ కల్లాన్ని ఖాళీగానే చూపించు మామా. జనం సొమ్ము ఎక్కడ పోశారో కనబడాలిగా!"

"అబ్బ, నీ నోరు! సరే, మైకిస్తా. రెండు నిమిషాలు."

అంతే, నా సిద్ధాంతం అక్కడికక్కడే మెత్తబడింది. సర్కారు దుబారా మీద సర్కారు వేదికెక్కి, సర్కారు మైకులోనే మాట్లాడొచ్చు! మూడు పేజీల ప్రసంగం రాసి జేబులో పెట్టుకున్నాను. ట్రాక్టరు మీద కాయలు తెచ్చి, వేదిక ముందు మోకాలెత్తున పోయించాను. బాగా ఎండిన కాయలు, కదిపితే గలగలమనేవి.

కొలతల సారు అని మేం పిలిచే ఇంజినీరు ఒకాయన ఉండేవాడు (టేపు చేతిలోంచి దించడు గనక ఆ పేరు). ఫ్యాన్లు ఫొటోకు అడ్డమని ఆయన వాటిని కాయల రాశికి అవతల పెట్టించి, వేదిక వైపు తిప్పించాడు. మిరప పండే ఊళ్లో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు, ఎండుకాయల మీదుగా వచ్చే గాలికి ఎదురు నిలబడకూడదని. చూడగానే పరిగెత్తాను.

"ఫ్యాన్లు వెయ్యొద్దు! ఆపండి!"

నా కీర్తి అప్పటికే ఆఫీసుల దాకా పాకింది. "ఇదుగో, దుబారా కుర్రాడొచ్చాడు, పట్టుకోండి!" అన్నాడు సారు. కానిస్టేబులు నా భుజం మీద చెయ్యేసి, "కరెంటు ఖర్చు సంగతి తర్వాత మాట్లాడుకుందాం తమ్ముడూ" అన్నాడు.

"ఖర్చు కాదండీ బాబూ, ఘాటు!"

వేదిక మీంచి మామ అరిచాడు: "కూర్చోరా అల్లుడూ!" (రెండోసారి. అదీ రాసి పెట్టుకున్నాను.)

ఫ్యాన్లు తిరిగాయి. మంత్రిగారు "మా ప్రభుత్వం రైతు కోసం" అన్నంతవరకే విన్నాం. ఆ తర్వాత తుమ్మారు. పక్కనున్నాయన తుమ్మాడు. మామ కండువాలో తల దూర్చేశాడు. వేదిక మీద వరసకు వరస దగ్గుతో ఊగిపోయింది. మంత్రిగారు కళ్లు కనబడక, చేతికందిన పట్టుగుడ్డ లాగి మొహం తుడుచుకున్నారు. అది శిలాఫలకం మీది గుడ్డ. ఆవిష్కరణ ఆ విధంగా పూర్తయింది. నేను పకపకా నవ్వాను, నా జీవితంలో అంత ఆనందం మళ్లీ లేదు. సరిగ్గా అప్పుడే అందరూ వేదిక దిగి కార్ల వైపు దగ్గరి దారిన పరిగెత్తారు. ఆ దారి మా కాయల మీదుగా ఉంది.

కార్లు వెళ్లిపోయాక నాన్న వచ్చాడు. ఓ గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో తిప్పి చూశాడు. తొడిమలూడాయి, గింజలు రాలిపోయాయి.

"నాన్నా, వీళ్ల మీద అర్జీ పెడతాను."

"పెట్టు. ముందు ఏరు."

ఏరితే సగం దక్కాయి. మిగతావి కారం పట్టించాం. ఆ ఏడు మా బంధువులందరి పచ్చళ్లకూ నాయకుల పాదస్పర్శ అందింది. నేను అర్జీ పెట్టాను కూడా. అందులో మొదటి అంశం మైకు ఇవ్వకపోవడం, కాయలు రెండోది. మూడు వారాలకు ఫోనుకు సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కారమైందని.

ఇప్పుడు నేనూ ఆ కల్లం మీదే ఆరబోస్తున్నాను. కాయకు మట్టి అంటదు, ఒప్పుకోక తప్పదు. (మామ దగ్గర మాత్రం ఒప్పుకోలేదు.) పందిరి గురించి నా మాట ఇవాళ్టికీ మారలేదు. ఒక్కోసారి కాయలు తిరగేస్తుంటే, ఆ సిమెంటు మీద గొంతుక్కూర్చుని కాయలేరుతూ, మనసులో అర్జీ రాసుకుంటున్న కుర్రాడు కళ్ల ముందు కనిపిస్తాడు. వాడి పక్కన కూర్చుని నాలుగు కాయలు ఏరి పెడదామనిపిస్తుంది. వాడు పెట్టనివ్వడు. తలెత్తి, కళ్లు తుడుచుకుంటూ, "మీరే శాఖ వాళ్లండీ?" అని అడుగుతాడు.