షాపు ఫోన్‌కు వచ్చిన సీటు

అన్నీ కలిపితే ఆ తండ్రీకూతుళ్లు పోగొట్టుకున్నవి ఇవి: రెండు రోజుల నాట్ల పని, చేరడానికి ఇచ్చిన మూడు రోజుల గడువు, వెయ్యికి తొమ్మిది వందల ముప్పై ఒక్క మార్కులతో వచ్చిన సర్కారు యూనివర్సిటీ సీటు.

భద్రాచలం నుంచి ఖమ్మం వెళ్లే బస్సులో వాళ్లు నా పక్కన కూర్చున్నారు. వాళ్లది దుమ్ముగూడెం అవతల అడవిలో గిరిజనుల ఊరు. అక్కడ సిగ్నల్ ఉండదని, దరఖాస్తులో నెట్ షాపు అతని నంబరు రాయించారు. సీటు వచ్చిందన్న మెసేజ్ ఆ ఫోన్‌కే వచ్చింది. అతను చెప్పేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లను బతిమాలడానికి వెళుతున్నారు.

ముందు సీట్లోని ఇస్త్రీ చొక్కా మనిషి, ఆ యూనివర్సిటీలోనే ఉద్యోగమని అప్పటికే రెండుసార్లు చెప్పుకున్నవాడు, వెనక్కి తిరిగి నవ్వాడు.

"మీ కోసమే గదా ఇన్ని సీట్లు పెంచింది? ఒక్క మెసేజ్ సుత చూస్కోరు. మీకు ఎన్ని ఇచ్చినా గింతే."

పిల్ల తల వంచుకుంది. తండ్రి గొంతు పెంచలేదు.

"మెసేజ్ వచ్చింది సారూ. మా ఊరికి రాలే, గంతే." తన ఫోన్ తీసి అతని ముందు పెట్టాడు. "ఇది పట్కొని మూడు దినాలు మా ఇంట్ల ఉండుండ్రి. మీకేమన్నా వస్తదేమో చూద్దాం."

వాడు ఫోన్ ముట్టుకోలేదు. ఖమ్మం దాకా నిద్ర నటించాడు. ఆ నిద్రకే నెలనెలా జీతం ముడుతుంది కాబోలు.

గేటు దగ్గరి నుంచే తిప్పి పంపారని సాయంత్రం బస్టాండులో కనబడి ఆ తండ్రే చెప్పాడు.

సీట్లు పెంచామని ఏటా బోర్డులు కడుతున్నారు. కట్టుకోనీ. నా లెక్కలో ఆ పిల్లకు ఇవ్వాల్సింది ఇప్పటికీ ఒక సీటు.